టెర్రీ ప్రాచెట్‌ను ఎక్కడ మొదలుపెట్టాలి, ఇద్దరు కలిసి ఒక కథ ఎలా రాయాలి

నీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నావు. నువ్వు రాస్తావు, శ్రీకాళహస్తి నుంచి వచ్చే నీ స్నేహితురాలు బొమ్మలు వేస్తుంది. శేషాచలం కొండల్లో జరిగే ఫాంటసీ నవల ఒకటి ఇద్దరూ మొదలుపెట్టి నాలుగు అధ్యాయాల దగ్గర ఆగిపోయారు. ఎవరో ఇంగ్లీషు ఫాంటసీ రచయిత టెర్రీ ప్రాచెట్‌ని చదవమన్నారు. చూస్తే నలభైకి పైన పుస్తకాలు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఆయన వేరేవాళ్ళతో కలిసి ఎలా రాశారు, ఆయన గుడ్ ఓమెన్స్ నవల మీద తీసిన టీవీ సిరీస్ చూస్తే పుస్తకం చదివినట్టేనా అని అడిగావు.

నేను ముప్పై ఏళ్ళు డిగ్రీ కాలేజీల్లో ఇంగ్లీషు చెప్పాను. ఆ ముప్పై ఏళ్ళలో ఎక్కువ భాగం ప్రాచెట్‌ని చదువుతూనే ఉన్నాను. పిల్లల పుస్తకాలు రెండు ఇంకొకరితో కలిసి రాశాను. అందుకని కొంచెం పొడుగ్గా చెప్తాను, ఓపిగ్గా చదువు.

ముందు మనిషి గురించి. ప్రాచెట్ 1948లో ఇంగ్లండ్‌లోని బీకన్స్‌ఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో పుట్టారు. కాలేజీ మెట్లు ఎక్కలేదు. పదిహేడేళ్ళకే స్కూలు వదిలి అక్కడి స్థానిక పత్రికలో విలేకరిగా చేరారు. తర్వాత కొన్నేళ్ళు విద్యుత్ బోర్డులో ప్రెస్ ఆఫీసరు. అణు విద్యుత్ కేంద్రాల గురించి పత్రికలవాళ్ళు అడిగినదానికల్లా జవాబు చెప్పుకోవాల్సిన ఉద్యోగం. సాయంత్రం ఇంటికొచ్చి రోజుకు 400 మాటల లెక్కన రాసుకుంటూ పోయారు. మొదటి నవల 1971లో వచ్చింది. పేరు తెచ్చిన డిస్క్‌వరల్డ్ నవలలు 1983లో మొదలయ్యాయి. 1987లో ఉద్యోగం మానేశారు. 2015లో పోయేనాటికి ఆ వరుసలో 41 నవలలు రాశారు. అన్నీ కలిపి ఎనిమిది కోట్లకు పైగా ప్రతులు అమ్ముడయ్యాయి. రోజుకు 400 మాటలు అన్న లెక్క నువ్వు గుర్తుపెట్టుకోవాలి. నాలుగు అధ్యాయాల దగ్గర ఆగిపోవడానికి చాలాసార్లు కారణం ఊహ అయిపోవడం కాదు, రోజూ కూర్చోకపోవడం.

డిస్క్‌వరల్డ్ అంటే అప్పడంలా బల్లపరుపుగా ఉన్న లోకం. అది నాలుగు ఏనుగుల వీపుల మీద నిలబడి ఉంటుంది. ఆ ఏనుగులు అంతరిక్షంలో ఈదుకుంటూ పోయే ఒక మహా తాబేలు వీపు మీద నిలబడి ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళకు ఇది వింత. దిగ్గజాల గురించి, ఆదికూర్మం గురించి అవ్వ దగ్గర విన్న మనకు సొంత ఇంట్లోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది. అంత దూరాన కూర్చున్న మనిషి మన పురాణాల్లాంటి కల్పననే తీసుకుని, దాని మీద పోస్టాఫీసు, పోలీసు స్టేషను, బ్యాంకు, పత్రికాఫీసు ఉన్న ఒక పట్నాన్ని కట్టారు. నాకు ఆయన మీద ప్రేమ పుట్టింది అక్కడే.

ఇప్పుడు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్తాను. డిస్క్‌వరల్డ్ మొదటి పుస్తకంతో మాత్రం వద్దు. ది కలర్ ఆఫ్ మ్యాజిక్ అప్పటికి వచ్చిన వేరే ఫాంటసీ నవలలను ఆటపట్టిస్తూ రాసింది. అవి చదవనివాళ్ళకు సగం సరదా అందదు. మా విద్యార్థులు చాలామంది ఆ పుస్తకం పట్టుకుని యాభై పేజీల దగ్గర వదిలేశారు. నువ్వు మోర్ట్‌తో మొదలుపెట్టు. 1987లో వచ్చింది. పొలం పనికి పనికిరాడనుకున్న ఒక కుర్రాణ్ణి తండ్రి పనికి పెట్టడానికి సంతకు తీసుకెళ్తాడు. మన దగ్గర పిల్లవాణ్ణి టైలర్ దగ్గరో మెకానిక్ దగ్గరో చేర్చినట్టే. అందరు పిల్లలకూ పని దొరుకుతుంది, వీడికి దొరకదు. అర్ధరాత్రి అవుతుండగా తెల్ల గుర్రం మీద ఒకాయన వచ్చి వీణ్ణి పనికి పెట్టుకుంటాడు. ఆయనే మృత్యువు. పిల్లులంటే ఇష్టం. కూర అంటే, అదీ కారంగా ఉండే కూర అంటే, ఇంకా ఇష్టం. మనుషులు ఎందుకు నవ్వుతారో ఎందుకు ఏడుస్తారో అర్థం చేసుకోవాలని ఆయనకు ఎంతో ఆశ.

ఈ పుస్తకంలో ఒక పని జాగ్రత్తగా గమనించు. మృత్యువు మాటలన్నీ ఇంగ్లీషులో పెద్ద అక్షరాల్లో ఉంటాయి, కొటేషన్ గుర్తులు ఉండవు. చెవితో కాకుండా నేరుగా తలలో వినబడే గొంతు అది. ఒకసారి మా క్లాసు కోసం కొన్ని పేజీలు తెలుగు చేద్దామని కూర్చున్నాను. తెలుగులో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అని లేవు కదా. మృత్యువుకు గ్రాంథికం పెట్టి చూశాను. క్లాసంతా నవ్వింది, కానీ ఆ నవ్వు వేరు. మన సినిమాల్లో యముడు కళ్ళ ముందుకు వచ్చేశాడు. గద, కిరీటం, గట్టి అరుపులు. ప్రాచెట్ మృత్యువు అలా అరవడు. నెమ్మదిగా, మర్యాదగా మాట్లాడతాడు. చివరికి మామూలు తెలుగే పెట్టాను. వాక్యాలను చిన్నవి చేశాను, ఏ వాక్యంలోనూ కోపంగానీ ఆశ్చర్యంగానీ కనబడకుండా చూశాను, ఒక్కో మాటనూ విడి లైన్లో రాశాను. అప్పుడు క్లాసు నిశ్శబ్దమైపోయింది. మీ నవలలో మనిషి కాని పాత్ర ఏదైనా ఉంటే దాని గొంతు ఎలా ఉండాలన్నది ఇలాగే తేల్చుకోవాలి. నాలుగు రకాలుగా రాసి, ఎవరికైనా చదివి వినిపించి, వాళ్ళ ముఖాలు చూడాలి.

దాని తర్వాత స్మాల్ గాడ్స్. 1992లో వచ్చింది. నా లెక్కన ఆయన రాసినవాటిలో అన్నిటికంటే గొప్పది అదే. దేవుడికి బలం భక్తుల నమ్మకం నుంచి వస్తుందని అందులో ఊహ. ఒక పెద్ద దేశం, పెద్ద గుడి, లక్షల మంది జనం. కానీ నిజంగా మనసులో దేవుణ్ణి నమ్మేది ఒకే ఒక్క కుర్రవాడు. అందుకే ఆ దేవుడు మహాకాయుడిగా దిగిరావాల్సింది చిన్న తాబేలై తోటలో పడతాడు. తిరుపతిలో పుట్టినవాళ్ళకు ఈ పుస్తకం వేరేగా తగులుతుంది. ఇక్కడ కొండ మీద స్వామి ఉన్నాడు, వీధి చివర వేపచెట్టు కింద పసుపు రాసిన రాయీ ఉంది. మన అమ్మలు రెండిటికీ ఒకే చేత్తో దణ్ణం పెడతారు. పెద్ద గుడి, చిన్న గుడి అన్న లెక్క మనకు పుస్తకం చదివి తెలియాల్సింది కాదు. ఆ పుస్తకం మతాన్ని వెక్కిరించేది అని కొందరంటారు. నేను ఒప్పుకోను. నమ్మకం పేరుతో మనుషుల్ని హింసించేవాళ్ళ మీద కోపం, నమ్మకం మీద మాత్రం గౌరవం, రెండూ ఆ పుస్తకంలో ఉన్నాయి.

ఈ రెండూ అయ్యాక గార్డ్స్! గార్డ్స్! చదువు, ఆ పైన నీ ఇష్టం. ది వీ ఫ్రీ మెన్‌లో తొమ్మిదేళ్ళ అమ్మాయి నాయిక. గొర్రెలు కాచిన నాయనమ్మ దగ్గర నేర్చుకున్న తెలివితో మాయలోకాన్ని ఎదిరిస్తుంది. నీకు చాలా నచ్చుతుంది. అయితే అందులోని చిన్న మనుషులు స్కాట్లండ్ యాసలో మాట్లాడతారు. మొదటే చదివితే భాష తెలియక నీ మీద నీకే అపనమ్మకం వస్తుంది, అందుకే నాలుగోదో ఐదోదో చేసుకో.

ఇక నీ అసలు ప్రశ్న, కలిసి రాయడం.

ఇది మనకు కొత్త కాదమ్మా. 15వ శతాబ్దంలోనే నంది మల్లయ, ఘంట సింగన అని ఇద్దరు కలిసి కావ్యాలు రాశారు. తిరుపతి వెంకట కవుల పేరు స్కూల్లో విని ఉంటావు. మన ఊరి పేరు చూసి మనవాళ్ళే అనుకుంటారు చాలామంది. వాళ్ళు గోదావరి ప్రాంతం వాళ్ళు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వెంకట శాస్త్రి. తిరుపతి శాస్త్రి గారు పోయాక కూడా వెంకట శాస్త్రి గారు తాను రాసినవాటిని ఇద్దరి పేరుతోనే ప్రకటించారు. అంటే మన భాషలో జంట అన్నది పని పంచుకోవడం కంటే పెద్ద మాట, ఇద్దరూ కలిసి ఒక్క కవి అన్నమాట.

ప్రాచెట్ చేసిన పనుల్లో ఈ జంటకవుల పద్ధతికి దగ్గరగా వచ్చేది గుడ్ ఓమెన్స్ ఒక్కటే. నీల్ గేమన్ అప్పటికి కుర్ర విలేకరి. 1985లో లండన్‌లో ఒక చైనీస్ రెస్టారెంట్లో ప్రాచెట్‌ని ఇంటర్వ్యూ చేశారు. అలా పరిచయం. తర్వాత గేమన్ ఒక కథ మొదలుపెట్టి ఐదువేల మాటల దాకా రాసి, స్నేహితులకు పంపి, వేరే పనిలో పడిపోయారు. ఏడాది తర్వాత ప్రాచెట్ ఫోన్ చేశారు. ఆ కథ తర్వాత ఏమవుతుందో నాకు తెలుసు, అమ్ముతావా, కలిసి రాద్దామా అని. కలిసి రాశారు. మొదటి ప్రతి దాదాపు తొమ్మిది వారాల్లో అయిపోయింది. పుస్తకం 1990లో వచ్చింది. లోకం అంతమయ్యే రోజు దగ్గరపడుతుంటే, ఇన్ని వేల ఏళ్ళూ భూమి మీద ఉండి భూమిని ప్రేమించడం మొదలుపెట్టిన ఒక దేవదూత, ఒక దయ్యం కలిసి దాన్ని ఆపడానికి చూసే కథ.

వాళ్ళు పని చేసిన పద్ధతి ఇది. రోజూ ఫోన్లో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్ళు. రాసిన పేజీలు ఫ్లాపీ డిస్కుల్లో పోస్టులో వెళ్ళేవి. ప్రాచెట్ పొద్దున రాసే మనిషి, గేమన్ రాత్రంతా రాసి మధ్యాహ్నం లేచే మనిషి. లేచేసరికి ఆన్సరింగ్ మెషీన్లో ప్రాచెట్ గొంతు, ఇంక లే అని. పాత్రలను మొదట్లో ఇంచుమించుగా పంచుకున్నారు. ఊళ్ళో పిల్లల ముఠా ఎక్కువగా ప్రాచెట్‌ది, ప్రళయం తెచ్చే నలుగురు రౌతులు ఎక్కువగా గేమన్‌ది. సగం దాటాక ఒకరివి ఒకరు రాసుకున్నారు. ఒకరు రాసినదాన్ని ఇంకొకరు తిరగరాశారు, ఫుట్‌నోట్లు చేర్చారు. కొన్ని వాక్యాలు ఎవరు రాశారో తర్వాత వాళ్ళకే తెలియలేదు. ఇంత కలిసిపోయినా ఒక్క విషయం మాత్రం మొదటినుంచీ స్పష్టంగా ఉంది. అసలు ప్రతి ప్రాచెట్ దగ్గరే ఉంటుంది. ఎవరు ఏం రాసినా చివరికి ఆ ఒక్క ప్రతిలోకే చేరాలి.

నీకు నేను చెప్పదలచుకున్నది ఇదే. ఎందుకింత గట్టిగా చెప్తున్నానో వినాలంటే నా సంగతి వినాలి. చంద్రగిరి తట్టు ఉండే ఒక తెలుగు మాస్టారు, నేను కలిసి పిల్లల కథల పుస్తకం రాశాం. ఇరవై ఏళ్ళ స్నేహం మాది. ఆయన దగ్గర ఒక ప్రతి, నా దగ్గర ఒక ప్రతి. ఆయన దిద్దినవి నా దాంట్లోకి రాలేదు, నేను దిద్దినవి ఆయన దాంట్లోకి పోలేదు. ప్రచురణకర్త అడిగితే ఇద్దరం చెరొకటి పంపాం. మూడో కథలో చచ్చిపోయిన నక్క ఐదో కథలో మళ్ళీ తిరుగుతుండగా పుస్తకం అచ్చయి వచ్చింది. తప్పు ఎవరిదన్న దాని మీద మాట మాట పెరిగింది. రెండేళ్ళు మాట్లాడుకోలేదు. వాళ్ళ అమ్మాయి పెళ్ళికి నేను వెళ్ళలేదు. తర్వాత కలిశాం, ఇంకో పుస్తకమూ రాశాం. కానీ ఆ పెళ్ళి మళ్ళీ రాదు కదమ్మా. కాబట్టి ఇవాళే మీ ఇద్దరిలో ఒకరిని అనుకోండి. బొమ్మల ఫైలు ఆ అమ్మాయి దగ్గర, రాతప్రతి నీ దగ్గర. ఎవరు మార్చినా ఆ ప్రతిలోనే మార్చాలి, తేదీ వేయాలి. వాట్సాప్‌లో వచ్చిన మార్పు మార్పు కాదు, ప్రతిలో ఎక్కితేనే మార్పు.

మిగతావాళ్ళతో ప్రాచెట్ వేరేగా పనిచేశారు. తనకు లేని విద్య ఉన్న మనిషిని వెతుక్కుని, ఆ మనిషికి సొంతంగా కొంత చోటు ఇచ్చారు. ది సైన్స్ ఆఫ్ డిస్క్‌వరల్డ్ చూడు. 1999 నుంచి 2013 వరకు నాలుగు భాగాలు. ఒక అధ్యాయం ప్రాచెట్ కథ, తర్వాతి అధ్యాయం సైన్సు, మళ్ళీ కథ, మళ్ళీ సైన్సు. సైన్సు రాసింది ఇయాన్ స్టూవర్ట్ అనే గణిత ప్రొఫెసరు, జాక్ కోహెన్ అనే జీవశాస్త్రవేత్త. కథలో మాంత్రికులు మన భూమిని ఒక గాజు గోళంలో పెట్టి చూస్తూ, దీన్ని ఏనుగులు మోయడం లేదు, మరి ఎలా నిలబడింది అని బుర్ర బద్దలు కొట్టుకుంటుంటారు. పక్క అధ్యాయంలో శాస్త్రవేత్తలు ఎలా నిలబడిందో చెప్తారు.

మీ కథ కొండల్లో జరుగుతుంది అన్నావు కదా, ఈ పద్ధతి మీకు అక్కరకొస్తుంది. తిరుమల ఘాట్ రోడ్డులో బస్సు కిటికీలోంచి చూస్తే, కింద గ్రానైటు, దాని మీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటు అనే గట్టి రాయి కనబడే చోటు ఉంది. ఆ రెండిటి మధ్య పదుల కోట్ల ఏళ్ళ ఖాళీ. అంత కాలం అక్కడ ఏ పొరా మిగల్లేదు. దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు, జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. కొండ మీద శిలాతోరణమూ అలాంటి స్మారకమే. ఆ ఖాళీలో ఏం జరిగింది అన్న ఒక్క ప్రశ్న చాలు, ఒక ఫాంటసీ నవల పుట్టడానికి. యూనివర్సిటీలో జియాలజీ చెప్పే వాళ్ళ దగ్గరికి నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళు. సిగ్గుపడొద్దు. చదువు చెప్పేవాళ్ళకు తమ సబ్జెక్టు గురించి అడిగేవాళ్ళు దొరకడమే పండగ.

సైన్స్ ఫిక్షన్ రచయిత స్టీఫెన్ బాక్స్‌టర్‌తో రాసిన ది లాంగ్ ఎర్త్ వరుస ఐదు నవలలు, 2012 నుంచి 2016 వరకు వచ్చాయి. ప్రాచెట్ 1986లోనే రాసి పక్కన పెట్టేసిన ఒక కథ నుంచి పుట్టింది. మన భూమి పక్కనే ఇంకో భూమి, దాని పక్కన ఇంకోటి, అలా అంతులేకుండా. బంగాళాదుంపతో నడిచే చిన్న పెట్టెతో ఒకదాన్నుంచి ఇంకోదాన్లోకి అడుగువేయొచ్చు, ఇనుము మాత్రం వెంట తీసుకెళ్ళలేం. ఊహ గొప్పది. కానీ చదువుతుంటే బాక్స్‌టర్ గొంతు ఎక్కువగా, ప్రాచెట్ నవ్వు తక్కువగా వినబడుతుంది నాకు. తొందరేం లేదు, తర్వాత చదువు.

స్టీఫెన్ బ్రిగ్స్ గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ఆయన నాటకాల పిచ్చి ఉన్న మామూలు పాఠకుడు. 1991లో తమ ఊరి నాటక బృందం కోసం ఒక డిస్క్‌వరల్డ్ నవలను నాటకంగా మలిచారు. డిస్క్‌వరల్డ్‌కు మ్యాపులు లేవని మొదట్లో ప్రాచెట్ తేల్చి చెప్పేశారు. అయినా బ్రిగ్స్ నవలల్లో ఎవరు ఏ వీధిలో మలుపు తిరిగారో అంతా ఏరుకుని పట్నం మొత్తానికి మ్యాపు గీస్తే, అది సరిపోయింది. 1993లో ఇద్దరి పేర్లతో అచ్చయింది. ఆ తర్వాత ప్రాచెట్ రాసేటప్పుడు ఆ మ్యాపు తిరగేసేవారు. పాఠకుడు గీసిన గీత రచయితకు దారి అయింది.

ఇప్పుడు నీ స్నేహితురాలి సంగతి. దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను.

మొదట్లో ప్రాచెట్ పుస్తకాలకు అట్టబొమ్మలు వేసింది జోష్ కర్బీ. కిక్కిరిసిన జనం, మెలికలు తిరిగిన శరీరాలు, మంటల రంగులు. మొదటి పుస్తకంలో కళ్ళజోడు పెట్టుకున్న ఒక యాత్రికుడు ఉంటాడు. ఇంగ్లీషులో కళ్ళజోడువాణ్ణి నాలుగు కళ్ళవాడు అంటారు. మన స్కూళ్ళలోనూ అంతే కదా. కర్బీ ఆ మాటను ఉన్నదున్నట్టు తీసుకుని, అట్ట మీద ఆయనకు నిజంగానే నాలుగు కళ్ళు వేశారు. పుస్తకం అలాగే అచ్చయింది. అయినా వాళ్ళ జంట విడిపోలేదు. 2001లో కర్బీ పోయేదాకా ఆయనే వేశారు. తర్వాత పాల్ కిడ్బీ వచ్చారు. కిడ్బీ పద్ధతి వేరు. పాత్ర ముఖం, ముక్కు, చేతి వేళ్ళు నవలలో రాసినట్టే ఉండేదాకా స్కెచ్చులు గీసేవారు. ది లాస్ట్ హీరో పూర్తిగా బొమ్మలతో నిండిన నవల, ఇద్దరి పేర్లూ అట్ట మీద ఉన్నాయి. 2002లో నైట్ వాచ్ నవలకు అట్ట వేస్తూ రెంబ్రాంట్ అదే పేరుతో వేసిన పాత చిత్రాన్ని తీసుకుని పాత్రలను అందులో నిలబెట్టారు. రెంబ్రాంట్ తనను తాను చిత్రించుకున్నాడని చెప్పే చోట కిడ్బీ, కర్బీ ముఖాన్ని పెట్టారు. తన ముందు వేసినవాడికి అలా దణ్ణం పెట్టుకున్నారు. ఆ అట్ట నా అలమరలో ఎప్పుడూ ముందే ఉంటుంది.

మా రెండో పుస్తకానికి బొమ్మలు వేసింది శ్రీకాళహస్తి కలంకారీ కళాకారుడు. కథ ఇచ్చాక వారం రోజులకు నన్ను పిలిపించారు. ఒక్క గీత గీయలేదు. ప్రశ్నలు మాత్రం వరసగా అడిగారు. "సార్, ఈ రాకాసికి కండ్లు ఎన్ని? రెక్కలున్నాయని రాసినారు, ఈకలవా, గబ్బిలానికున్నట్టా? నిలబడితే చింతచెట్టు కన్నా పొడుగా, పొట్టా?" నా దగ్గర ఒక్కదానికీ జవాబు లేదు. భయంకరమైన రాక్షసుడు అని రాసి వదిలేశాను. ఎందుకంతగా అడుగుతారంటే, కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేసిన గుడ్డ మీద వెదురు కలంతో నలుపు పెట్టాక చెరపడం కుదరదు. బెల్లం నీళ్ళలో ఇనుము నానబెట్టి తీసిన ఆ నలుపు గుడ్డలోకి ఇంకిపోతుంది. అందుకే వాళ్ళు గీత పెట్టకముందే అన్నీ తేల్చుకుంటారు. ఆ ప్రశ్నలకు జవాబు వెతుక్కుంటూ నేను కథ మొత్తం తిరగరాశాను. బాగుపడింది. నీ స్నేహితురాలు ఆ ఊరిదే కాబట్టి ఇది ఆమెకు తెలిసే ఉంటుంది. నువ్వు రాసి ఇచ్చాక ఆమె బొమ్మ వేయడం కాకుండా, నువ్వు రాస్తుండగానే ఆమెను అడగనివ్వు.

ఇంకొక్కటి. ప్రాచెట్ మంత్రగత్తెల నవల ఒకటి రాస్తూ, 1997లో పుస్తకాల మీద సంతకాలు పెట్టే చోట లైన్లో నిలబడినవాళ్ళందరినీ అడిగారట, ఎన్ని పక్షులు కనబడితే ఏ శకునమో చెప్పే పిల్లల పాట మీకు ఎంతవరకు వచ్చు అని. అందరికీ ఒకే పాట వచ్చింది. ఒకావిడ మాత్రం చాలా రకాలు చెప్పారు. ఆవిడ జాక్వెలిన్ సింప్సన్, జానపద విజ్ఞానంలో పేరున్న పండితురాలు. ఆ పరిచయంతోనే 2008లో ఇద్దరూ కలిసి డిస్క్‌వరల్డ్ జానపదం మీద పుస్తకం తెచ్చారు.

మనకు ఆ లైను మే నెలలో దొరుకుతుంది. గంగజాతరప్పుడు తాతయ్యగుంట గుడి ముందు కూర్చో. అమ్మవారు పాలెగాణ్ణి ఎలా వెతికి చంపిందో నలుగురు పెద్దవాళ్ళను అడిగితే కథ నాలుగు దారుల్లో నడుస్తుంది. బైరాగి వేషం ఎందుకు, దొర వేషం రోజే వాడు ఎందుకు బయటికి వచ్చాడు, కొండ మీద స్వామి దగ్గర్నుంచి చెల్లెలు గంగమ్మకు సారె ఎందుకు వస్తుంది, ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తారు. అన్నీ రాసుకో. ఏది నిజం అని అడగొద్దు. అడిగితే చెప్పడం ఆపేస్తారు. రాసుకున్నాక మాత్రం ఆ కథ ఎవరిదో గుర్తుపెట్టుకో, పుస్తకంలో వాళ్ళకు చెప్పుకోవాల్సిన కృతజ్ఞత ఉంటుంది.

మీరిద్దరూ ఇప్పుడే మాట్లాడుకోవాల్సిన కష్టమైన విషయం ఒకటుంది. ఒకరు మధ్యలో ఆపేస్తే కథ ఎవరిది? చదువయ్యాక ఒకరు బెంగుళూరు వెళ్ళొచ్చు, ఒకరికి పెళ్ళి కావచ్చు. ప్రాచెట్‌కి 2007లో అల్జైమర్స్‌లో ఒక అరుదైన రకం ఉందని తేలింది. టైపు చేయడం పోయింది. నోటితో చెప్తుంటే ఆయన సహాయకుడు రాబ్ విల్కిన్స్ ఎక్కించేవారు. అలా ఇంకొన్ని నవలలు రాశారు. మిగిలిపోయినవాటిని ఎవరూ పూర్తి చేయకూడదని, హార్డ్ డిస్కును రోడ్డు రోలరుతో తొక్కించాలని చెప్పి పోయారు. 2017 ఆగస్టులో విల్కిన్స్ ఆ పని చేయించారు. రోలరుకు లొంగకపోతే రాళ్ళు పిండిచేసే యంత్రంలో వేశారు. మన దగ్గర నన్నయ అరణ్యపర్వం మధ్యలో ఆగిపోతే ఎర్రన దాన్ని పూర్తిచేసి, తన పేరు పెట్టుకోకుండా నన్నయ పేరుతోనే, నన్నయ ప్రభువైన రాజరాజనరేంద్రుణ్ణే సంబోధిస్తూ ముగించాడు. రెండూ నాకు గౌరవంగానే కనిపిస్తాయి. ఒకటి చెప్పిన మాట నిలబెట్టడం, ఇంకోటి ఆగిన మాటను నిలబెట్టడం. మీకు ఏది కావాలో మీరే అనుకుని ఒక కాగితం మీద రాసుకుని ఇద్దరూ సంతకం పెట్టండి. స్నేహితుల మధ్య కాగితాలు ఎందుకు అని ఇంట్లో అంటారు. నా నక్క కథ చెప్పు.

సిరీస్ గురించి. 2019లో వచ్చిన మొదటి భాగం చాలా బాగుంది. పోయేముందు ప్రాచెట్ అడిగారని గేమనే స్క్రిప్టు రాశారు. దేవదూతగా మైకేల్ షీన్, దయ్యంగా డేవిడ్ టెనెంట్ ఒకరిని చూసి ఒకరు చేసినట్టు చేశారు. కానీ ముందు పుస్తకం చదువు. పేజీ కింద ఉండే ఫుట్‌నోట్లను చాలామంది మన పిల్లలు పరీక్షకు రాదని దాటేస్తారు. ఈ పుస్తకంలో సగం సంతోషం అక్కడే ఉంది. స్క్రీన్ మీద కథ చెప్పే గొంతు కొన్నిటిని అందుకుంది, అన్నిటినీ అందుకోలేదు.

ఐదో అధ్యాయం రాయడానికి తొందరపడొద్దు. ఉన్న నాలుగు అధ్యాయాలనూ ముందు ఆ అమ్మాయి చేతికిచ్చి, ఆమె అడిగే ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టు. జవాబు తెలియనివాటి కింద గీత గీయి. మీ కథ కంటే ముందు నాకు ఆ కాగితం పంపు.